పశువుల నుంచి మనుషులకు సోకే బ్యాక్టీరియా జబ్బులకు టీకాల తయారీ: తరచుగా అడిగే ప్రశ్నలు

రాజేంద్రనగర్ పశువైద్య విద్యార్థులు, జీనోమ్ వ్యాలీలో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు, నగరం చుట్టుపక్కల పాడి రైతులు, ఇంట్లో కుక్కను పెంచేవాళ్లు. అడిగేవాళ్లు వేరైనా సందేహాలు మాత్రం అవే మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అందుకే వాటిని టీకా తయారయ్యే దశల వారీగా ఇక్కడ పెట్టాం. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

అసలు ఏయే జబ్బుల గురించి ఈ మాటంతా?

ముఖ్యంగా ఐదు. ఈసుడు రోగం, అంటే బ్రూసెల్లోసిస్: ఈసుకుపోయిన (గర్భస్రావమైన) పశువు మాయ, స్రావాలు, పచ్చి పాల ద్వారా సోకుతుంది. దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్: చచ్చిన పశువును కోసినప్పుడు, ఆ మాంసం, తోలు పట్టుకున్నప్పుడు. లెప్టోస్పైరోసిస్: ఎలుకలు, కుక్కలు, పశువుల మూత్రం కలిసిన నీళ్లు, బురద ద్వారా. క్యూ జ్వరం: గొర్రెలు, మేకలు ఈనినప్పుడు లేచే ధూళి పీల్చడం వల్ల. ప్లేగు: ఎలుకల మీద ఉండే ఫ్లీ అనే చిన్న పురుగుల నుంచి. అన్నీ బ్యాక్టీరియా జబ్బులే అయినా ఒక్కోదానికి టీకా చేసే దారి వేరు.

జబ్బు వచ్చేది మాకైతే టీకా గేదెకెందుకు? మాకే వేయొచ్చు కదా?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. ఈసుడు రోగం మనిషి నుంచి మనిషికి సోకడం చాలా అరుదు. మనకు వచ్చేదంతా దాదాపుగా పశువు నుంచే. మందలో జబ్బు ఆగితే పాలు పితికేవాళ్లు, పశువు ఈనేటప్పుడు సాయం చేసేవాళ్లు, పచ్చి పాలు తాగే పిల్లలు, కబేళా కార్మికులు అందరూ ఒకేసారి రక్షణలోకి వస్తారు. మనిషికే వేయాలంటే ఇంతమందినీ ఒక్కొక్కరిగా వెతికి పట్టుకోవాలి. పశువులో మాత్రం జబ్బు అలాగే తిరుగుతుంటుంది.

రెండో కారణం టీకా స్వభావం. మనుషుల కోసం సోవియట్ దేశంలో 19-బీఏ, చైనాలో 104ఎం అనే బలహీనపరిచిన బతికున్న రకాలను వాడారు. వాటి దుష్ప్రభావాల వల్ల మిగతా దేశాలు వాటి జోలికి పోలేదు. అందుకే ఈసుడు రోగం విషయంలో మా అభిప్రాయం స్పష్టం: డబ్బూ శ్రమా ముందు పశువు టీకా మీదే పెట్టాలి. ప్లేగు, ఆంత్రాక్స్ లెక్క వేరు. అక్కడ ల్యాబ్ సిబ్బందికి, సైనికులకు, వ్యాధి చెలరేగిన చోట పనిచేసేవాళ్లకు మనిషి టీకా అవసరమే.

యాంటీబయాటిక్స్ ఉన్నాయిగా, టీకా దేనికి?

ఈసుడు రోగం పట్టిన మనిషి సాధారణంగా రెండు రకాల మందులు కలిపి ఆరు వారాలు వాడాలి. మధ్యలో ఆపేస్తే తిరగబెడుతుంది, పూర్తిగా వాడినా కొందరికి తిరగబెడుతుంది. అంతకన్నా ముందు అసలు జబ్బును గుర్తించాలి. వచ్చిపోయే జ్వరం, కీళ్ల నొప్పులు, రాత్రి చెమటలు చూసి చాలాసార్లు టైఫాయిడ్ అనో టీబీ అనో అనుకుంటారు. దొమ్మ రోగంలోనైతే టాక్సిన్ ఒంట్లో పేరుకున్నాక బ్యాక్టీరియాను చంపినా మనిషి దక్కకపోవచ్చు. ఇక పశువుల్లో బ్రూసెల్లాకు మందులతో వైద్యం చేయడం ఆచరణలో లేనే లేదు.

హైదరాబాద్‌లో ఈ పని ఎక్కడ జరుగుతుంది?

గచ్చిబౌలిలో జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ ఉంది, బ్రూసెల్లా మీద పరిశోధన అక్కడ ప్రధానమైన పనుల్లో ఒకటి. 1982లో జాతీయ పాడి అభివృద్ధి మండలి నెలకొల్పిన ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ పశువుల టీకాలు, మనుషుల టీకాలు రెండూ తయారు చేస్తుంది. రాష్ట్ర పశుసంవర్ధక శాఖకు సొంత టీకా తయారీ సంస్థ ఉంది. శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీలో టీకా కంపెనీలతో పాటు ఐసీఎంఆర్ వారి ప్రయోగ జంతు కేంద్రం కూడా ఉంది.

## ల్యాబ్‌లో

బ్యాక్టీరియాను చంపి ఎక్కిస్తే సరిపోదా? బతికున్నదే ఎందుకు?

ఆ బ్యాక్టీరియా ఒంట్లో ఎక్కడ బతుకుతుందన్నదాన్ని బట్టి ఉంటుంది. లెప్టోస్పైరా రక్తంలో, కణాల బయట తిరుగుతుంది. యాంటీబాడీలు దాన్ని పట్టుకోగలవు. అందుకే చంపిన బ్యాక్టీరియా టీకా కొంతవరకు పనిచేస్తుంది. బ్రూసెల్లా అలా కాదు. తనను మింగడానికి వచ్చిన మాక్రోఫేజ్ కణంలోనే దాక్కుని పెరుగుతుంది. అక్కడికి యాంటీబాడీ చేరదు. టీ కణాలు (రోగనిరోధక తెల్ల రక్తకణాలు), అవి విడుదల చేసే ఇంటర్ఫెరాన్ గామా అనే సంకేత ప్రొటీన్ రంగంలోకి దిగితేనే ఆ మాక్రోఫేజ్ లోపలి బ్యాక్టీరియాను చంపగలుగుతుంది.

బతికున్న బలహీన రకం కొన్ని వారాలు కణాల్లో ఉండి ఈ స్పందనను తెస్తుంది. శుద్ధి చేసిన ప్రొటీన్‌ను పటిక తరహా అల్యూమినియం సహాయకంతో (స్పందనను పెంచే పదార్థంతో) కలిపి ఇస్తే యాంటీబాడీలు దండిగా వస్తాయి, టీ కణాల స్పందన మాత్రం నీరసంగా ఉంటుంది. ఎలైసా (యాంటీబాడీలను కొలిచే పరీక్ష) రీడింగ్ బ్రహ్మాండంగా వచ్చి, తీరా అసలు బ్యాక్టీరియాను ఎక్కించినప్పుడు రక్షణ కనిపించకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. ప్రొటీన్ టీకా మీద పనిచేసేవాళ్లు సహాయకాన్ని చివర్లో కాకుండా మొదట్లోనే తేల్చుకోవాలి.

పశువుల ఈసుడు టీకా ఎస్19 వచ్చి 100 ఏళ్లు దాటింది. ఇంకా అదేనా?

అవును. 1923లో అమెరికాలో జాన్ బక్ ఒక జెర్సీ ఆవు పాల నుంచి దీన్ని వేరుచేశారు. ఆ కల్చర్ ఏడాదికి పైగా గది ఉష్ణోగ్రతలో ఉండిపోయి తీవ్రత కోల్పోయింది. ఎరిత్రిటాల్ అనే చక్కెర ఆల్కహాల్‌ను వాడుకునే జన్యువుల్లో 702 బేస్ జతలు ఇందులో లేవని తర్వాతి కాలంలో తేలింది. చూడి పశువు మాయలో ఎరిత్రిటాల్ సమృద్ధిగా ఉంటుంది. మామూలు బ్రూసెల్లా అబార్టస్ దానిమీద పెరుగుతుంది, ఎస్19కి అదే అడ్డు.

దూడప్పుడు ఒక్క డోసు వేస్తే ఏళ్ల తరబడి రక్షణ ఇస్తుంది, తయారీ ఖర్చు తక్కువ. ఈ రెండింటినీ కలిపి దాటగల టీకా ఇంకా రాలేదు. లోపాలూ ఉన్నాయి. చూడి పశువుకు వేస్తే ఈసుకుపోవచ్చు. మగవాటిలో వృషణాల వాపు తేవచ్చు. మనిషికి గుచ్చుకుంటే జబ్బు చేస్తుంది.

టీకా వేసిన పశువుకూ జబ్బున్న పశువుకూ తేడా ఎలా తెలుస్తుంది?

ఎస్19తో అసలు చిక్కు ఇదే. ఈసుడు రోగానికి చేసే రోజ్ బెంగాల్ రక్త పరీక్ష వెతికేది బ్యాక్టీరియా పైపొరలోని ఓ-గొలుసు మీది యాంటీబాడీలను. ఆ గొలుసు ఎస్19లోనూ ఉంటుంది. అందుకే పెద్ద పశువులకు వేస్తే చాలాకాలం పరీక్ష పాజిటివ్‌గానే వస్తుంది. దూడప్పుడే వేస్తే ఈనే వయసుకు ఎక్కువవాటిలో యాంటీబాడీలు తగ్గిపోతాయి.

ఓ-గొలుసు లేని ఆర్‌బీ51 రకాన్ని అమెరికా 1996లో చేపట్టింది. పరీక్షలో తికమక తప్పింది కానీ ఈ రకం రిఫాంపిసిన్‌కు లొంగదు, అంటే పొరపాటున మనిషికి సోకితే ఒక ముఖ్యమైన మందు చేజారినట్టే. ఇజత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ (ఐవీఆర్ఐ) శాస్త్రవేత్తలు ఎస్19లోని పెర్ అనే జన్యువును తొలగించి మరో రకం రూపొందించారు. ఓ-గొలుసు తయారీకి కావాల్సిన జన్యువు అది. కొత్తగా ఈ రంగంలోకి వచ్చేవాళ్లు రక్షణతో పాటు ఈ తేడా తెలిపే పరీక్షను కూడా టీకాతో పాటే రూపొందించాలి. పరీక్ష లేని టీకాను నియంత్రణ కార్యక్రమంలో పెట్టడం కష్టం.

లెప్టోకు అన్నిచోట్లా పనికొచ్చే ఒకే టీకా ఎందుకు లేదు?

లెప్టోస్పైరాలో 250కి పైగా సెరోవార్లు, అంటే పైపొర తేడాతో గుర్తించే ఉపరకాలు ఉన్నాయి. చంపిన బ్యాక్టీరియా టీకా ఇచ్చే రక్షణ చాలావరకు పైపొరలోని లిపోపాలిశాకరైడ్ మీదే ఆధారపడుతుంది. అది ఒక్కో సెరోవార్‌కు ఒక్కో తీరులో ఉంటుంది. క్యూబాలో మూడు సెరోవార్ల టీకా, ఫ్రాన్స్‌లో ఒకే సెరోవార్ టీకా మనుషులకు వాడారు. వాటిని ఇక్కడికి తెచ్చి వేస్తే మన దగ్గర తిరిగే రకాల మీద పనిచేస్తాయన్న హామీ లేదు. కాబట్టి మొదటి పని స్థానికంగా ఏ సెరోవార్లు ఉన్నాయో తేల్చడం.

చాలా రకాల్లో ఉమ్మడిగా ఉండే లిగ్ఏ వంటి ప్రొటీన్లతో ప్రయత్నాలు సాగుతున్నాయి. ప్రయోగాల్లో వాడే హామ్‌స్టర్లు చావకుండా కాపాడటం ఒకటి, మూత్రపిండాల్లో బ్యాక్టీరియా నిలిచిపోకుండా ఆపడం మరొకటి. మొదటిది సాధించి రెండోది సాధించని టీకా వేసిన జంతువు బాగానే ఉంటుంది, మూత్రంలో బ్యాక్టీరియాను వదులుతూనే ఉంటుంది. కిడ్నీ కల్చర్ ఫలితం లేకుండా "100 శాతం రక్షణ" అని రాసిన పేపర్‌ను జాగ్రత్తగా చదవండి. ఇంకో మాట: ఈ బ్యాక్టీరియా ఈఎంజేహెచ్ మాధ్యమంలో 28 నుంచి 30 డిగ్రీల దగ్గర నెమ్మదిగా పెరుగుతుంది, పదేపదే మార్చి పెంచితే తీవ్రత కోల్పోతుంది. అలాంటి కల్చర్‌తో చేసిన ప్రయోగంలో టీకా వేయని జంతువులు కూడా బతికేస్తాయి.

ఆంత్రాక్స్‌కు పశువు టీకా, మనిషి టీకా వేర్వేరా?

వేర్వేరే. పశువులకు వాడేది 1930ల్లో మాక్స్ స్టెర్న్ రూపొందించిన 34ఎఫ్2 రకం బతికున్న స్పోర్లు (గట్టి పొరలో నిద్రాణంగా ఉండే బ్యాక్టీరియా). రక్షణ కవచం తయారుచేసే పీఎక్స్ఓ2 అనే ప్లాస్మిడ్ (విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయం) ఇందులో ఉండదు, టాక్సిన్ ప్లాస్మిడ్ ఉంటుంది. పశువు ఆ టాక్సిన్ భాగాలను గుర్తుపట్టడం నేర్చుకుంటుంది.

మనుషులకు అమెరికాలో 1970 నుంచి లైసెన్స్ ఉన్న టీకాలో బ్యాక్టీరియా కణాలు ఉండవు. వడగట్టిన కల్చర్ ద్రవంలోని ప్రొటెక్టివ్ యాంటిజెన్‌ను అల్యూమినియం హైడ్రాక్సైడ్‌కు పట్టించి ఇస్తారు. కండరంలో 0.5 మిల్లీలీటర్ల చొప్పున 0, 1, 6 నెలల్లో, ఆపైన బూస్టర్లు. పశువుల టీకాను మనిషికి ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకూడదు.

క్యూ జ్వరం టీకాకు ముందు చర్మ పరీక్ష ఎందుకు?

ఆస్ట్రేలియాలో 1989 నుంచి కబేళా కార్మికులకు, పశువైద్యులకు ఇస్తున్న టీకా క్యూ జ్వరం తెచ్చే కాక్సియెల్లా బ్యాక్టీరియాను చంపి, ఆ కణం మొత్తాన్నీ వాడుతుంది. ఇంతకుముందే ఆ బ్యాక్టీరియా సోకినవాళ్లకు వేస్తే వేసినచోట తీవ్రమైన వాపు, గడ్డలు వస్తాయి. అందుకే రక్త పరీక్ష, చర్మ పరీక్ష రెండూ చేసి, ఏడో రోజు చర్మం చూసి, రెండూ నెగెటివ్ అయితేనే ఒక్క డోసు వేస్తారు. పల్లెల్లో గొర్రెల మధ్య పుట్టి పెరిగినవాళ్లు ఎక్కువగా ఉన్న మన దగ్గర ఈ వడపోత చాలా ముఖ్యం.

మా కాలేజీ ల్యాబ్‌లో బ్రూసెల్లా పెంచొచ్చా?

వద్దు. బ్రూసెల్లా, ఆంత్రాక్స్, కాక్సియెల్లా కల్చర్లకు బీఎస్ఎల్-3, అంటే మూడో స్థాయి జీవభద్రత ఉన్న ల్యాబ్ కావాలి. ల్యాబ్ సిబ్బందికి సోకే జబ్బుల్లో బ్రూసెల్లా ముందు వరుసలో ఉంటుంది. చాలా కొద్ది బ్యాక్టీరియా పీల్చినా చాలు. ప్లేటు మూత తీసి వాసన చూడటం, బెంచి మీద వోర్టెక్స్ చేయడం (యంత్రంతో వేగంగా తిప్పి కలపడం), సెంట్రిఫ్యూజ్ రోటర్‌ను వెంటనే తెరవడం, ఈ మూడూ చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బీఎస్ఎల్-3 లేనివాళ్లు చేయగల మంచి పని చాలా ఉంది: యాంటిజెన్ జన్యువును ఈ.కోలైలో పెట్టి ప్రొటీన్ తీయడం, సహాయకాలు పోల్చడం, చంపిన నమూనాలతో ఎలైసా కట్టడం. అసలు బ్యాక్టీరియాతో చేసే భాగానికి సౌకర్యం ఉన్న సంస్థతో కలవాలి.

## జంతువుల మీద పరీక్షలు

ఎలుకల్లో పనిచేసింది. పశువుల్లో పనిచేసినట్టేనా?

కాదు. ఎలుక పరీక్ష పనికిరాని వాటిని ఏరేయడానికి. బ్రూసెల్లాకు ప్రామాణిక పద్ధతిలో ఎలుకకు లక్ష బ్యాక్టీరియా టీకా చర్మం కింద ఇచ్చి, 30 రోజులకు 544 అనే తీవ్రమైన రకాన్ని 2 లక్షలు కడుపులోకి ఎక్కిస్తారు. మరో 15 రోజులకు ప్లీహం తీసి అందులో ఎన్ని బ్యాక్టీరియా ఉన్నాయో ప్లేట్ల మీద లెక్కిస్తారు.

పశువులో చూడాల్సింది వేరే: ఈసుకుపోవడం ఆగిందా, పాలల్లో, మాయలో బ్యాక్టీరియా లేకుండా పోయిందా. అందుకు టీకా వేసిన పెయ్యలు ఎదిగి, చూడి కట్టి, మధ్య నెలల్లో ఉన్నప్పుడు తీవ్రమైన రకాన్ని ఎక్కించాలి. పెద్ద పశువులను ఉంచగల బీఎస్ఎల్-3 కొట్టాలు దేశంలో చాలా తక్కువ. ఒక్క ప్రయోగానికి ఏళ్లు పడుతుంది. బోలెడు మంచి యాంటిజెన్లు ఎలుకల దగ్గరే ఆగిపోవడానికి ప్రధాన కారణం ఇదే. ఈ కొరత తీర్చడానికి పెట్టే రూపాయి మరో కొత్త యాంటిజెన్‌కు పెట్టే రూపాయి కన్నా ఎక్కువ ఫలం ఇస్తుందని మా నమ్మకం.

ఈ ప్రయోగాల్లో ఎక్కువగా ఎక్కడ దెబ్బతింటారు?

పోలికకు ఎస్19 వేసిన గుంపు పెట్టకపోవడం మొదటిది. అది లేకుండా కొత్త టీకా మంచిదో కాదో చెప్పలేం. రెండోది, ఎక్కించిన బ్యాక్టీరియా సంఖ్యను ద్రవం ఎంత మసకగా ఉందో చూసి అంచనా వేసి వదిలేయడం. సిరంజిలో మిగిలిన ద్రవాన్ని అదే రోజు పలుచన చేసి ప్లేట్ల మీద వేస్తేనే నిజమైన డోసు తెలుస్తుంది. డోసు మరీ ఎక్కువైతే మంచి టీకా కూడా ఓడిపోయినట్టు కనిపిస్తుంది. జంతువులపై ఏ పని చేసినా సంస్థ జంతు నైతిక సంఘం అనుమతి ముందే ఉండాలి.

## మనుషుల మీద పరీక్షలు, అనుమతులు

జబ్బే అరుదుగా వస్తుంటే టీకా పనిచేసిందని ఎలా నిరూపిస్తారు?

మొదటి దశలో కొన్ని పదుల మంది ఆరోగ్యవంతుల్లో భద్రత చూస్తారు, రెండో దశలో వందల్లో డోసు, స్పందన. మూడో దశలో అసలు కష్టం. ఊపిరితిత్తుల ఆంత్రాక్స్ ఎక్కడ, ఎప్పుడు వస్తుందో తెలియదు, కావాలని ఎక్కించడం అనైతికం. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2002లో తెచ్చిన జంతు నిబంధన ప్రకారం ఇలాంటి సందర్భాల్లో తగిన జంతువుల్లో రక్షణ చూపి, ఆ జంతువులను కాపాడిన యాంటీబాడీ స్థాయి మనుషుల్లోనూ వస్తోందని చూపితే అనుమతి రావచ్చు. 2023లో అనుమతి పొందిన, రెండు వారాల తేడాతో రెండు డోసులిచ్చే ఆంత్రాక్స్ టీకా ఈ దారిలోనే వచ్చింది.

మన దేశంలో ఎవరెవరి అనుమతి కావాలి?

జన్యుమార్పిడి ఉంటే ముందు సంస్థ జీవభద్రతా కమిటీ, తర్వాత బయోటెక్నాలజీ శాఖ కింది జన్యుమార్పిడి సమీక్ష కమిటీ (ఆర్‌సీజీఎం). మనుషులపై పరీక్షలకు కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ అనుమతి, 2019 నాటి కొత్త నిబంధనల ప్రకారం. దాంతోపాటు నైతిక సంఘం ఆమోదం, మొదటి వ్యక్తిని చేర్చుకునే ముందే దేశ క్లినికల్ పరీక్షల రిజిస్ట్రీ (సీటీఆర్ఐ)లో నమోదు. దరఖాస్తులు వెనక్కి రావడానికి తరచూ కారణం సీడ్ రకం (టీకాకు మూలమైన బ్యాక్టీరియా) చరిత్ర పూర్తిగా రాసి ఉండకపోవడం: ఎక్కడి నుంచి వచ్చింది, ఎన్నిసార్లు పెంచారు, ఏ మాధ్యమంలో. మొదటి రోజు నుంచే రాసుకోండి.

## తయారీ, నాణ్యత

బ్యాచ్ బ్యాచ్‌కీ టీకా ఒకేలా ఉందని ఎలా తేలుస్తారు?

మాస్టర్ సీడ్ నుంచి వర్కింగ్ సీడ్, దాన్నుంచి బ్యాచ్. ఎస్19కి ప్రధాన శత్రువు నునుపు కాలనీలు గరుకు కాలనీలుగా మారిపోవడం. ఫెర్మెంటర్‌లో ఆక్సిజన్ తగ్గినా, కల్చర్ ముదిరిపోయినా గరుకు రకం పెరుగుతుంది. అది రక్షణ ఇవ్వదు. క్రిస్టల్ వయొలెట్ పోస్తే గరుకు కాలనీలకు రంగు అంటుకుంటుంది, నునుపువాటికి అంటదు. సీడ్‌లో 99 శాతం, బ్యాచ్‌లో 95 శాతం కాలనీలు నునుపుగా ఉండాలి. పెన్సిలిన్, థయోనిన్ బ్లూ, ఎరిత్రిటాల్ ఉన్న ప్లేట్ల మీద ఎస్19 పెరగకూడదు. పెరిగితే ఆ బ్యాచ్ పక్కన పెట్టాల్సిందే.

ఫ్రీజ్ డ్రైయింగ్‌లో సగానికి పైగా బ్యాక్టీరియా చావడం వింత కాదు. అందుకే డోసు లెక్క ఎప్పుడూ ఆరబెట్టిన తర్వాతే. తేమ ఎక్కువ మిగిలితే నిల్వలో చస్తాయి, మరీ ఎండిపోయినా చస్తాయి.

ఫ్యాక్టరీలో అంతా సరిగ్గా ఉంటే ఇక భయం లేనట్టేనా?

1902లో పంజాబ్‌లోని ముల్కోవాల్‌లో, శాస్త్రవేత్త హాఫ్కిన్ బొంబాయి ల్యాబ్‌లో తయారైన ప్లేగు టీకా వేయించుకున్నవారిలో 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. మొదట నేరమంతా బొంబాయి ల్యాబ్ మీద పడింది. సీసా తెరిచిన చోటే కలుషితమై ఉండాలని ఆ తర్వాత తేలింది. ఈ ఘటన ఏళ్ల పాటు జనానికి టీకా మీద నమ్మకం పోగొట్టింది. సీసా మూత తీసే చేతి శుభ్రత కూడా టీకా నాణ్యతలో భాగమే.

## ఊళ్లో, కొట్టంలో

మా పెయ్య దూడకు ఈసుడు టీకా ఎప్పుడు వేయించాలి?

4 నుంచి 8 నెలల వయసులో, ఆడ దూడలకు మాత్రమే, జీవితంలో ఒక్కసారి. 2019 సెప్టెంబర్‌లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద ఆవు, గేదె పెయ్యలకు ఉచితంగా వేస్తారు. చెవి పోగు వేయించి నమోదు చేయించండి. రెండు మూడు రోజులు జ్వరం, మేత తగ్గడం మామూలే. మగ దూడలకు, చూడి పశువులకు వేయించకండి.

ఎండాకాలంలో టీకా పాడైపోతుందా?

పాడవుతుంది, పైకి ఏ తేడా కనిపించదు. 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. మే నెలలో మోటార్ సైకిల్ డిక్కీలో గంట ఉంటే చాలు. సీసాను ఐస్ ప్యాక్‌ల మధ్య పెట్టండి, కలిపే ద్రవాన్ని కూడా ముందే చల్లబరచండి. వేడి ద్రవం పోయగానే బ్యాక్టీరియా చస్తాయి. సిరంజిని స్పిరిట్‌తో తుడిచి వెంటనే వాడటం మరో తప్పు, మిగిలిన స్పిరిట్ బతికున్న టీకాను చంపుతుంది. కలిపిన సీసాను లేబుల్ మీద రాసిన గంటల్లోపు వాడేయాలి, మిగిలింది పారబోయకుండా ఉడికించి నాశనం చేయాలి.

దూడకు వేస్తుండగా సూది నా చేతికి గుచ్చుకుంది. ఏం చేయాలి?

సబ్బు నీళ్లతో బాగా కడగండి. కంట్లో చిమ్మితే 15 నిమిషాలు శుభ్రమైన నీళ్లు పోయండి. టీకా సీసా పట్టుకుని అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఏ రకమో వారికి తెలియాలి. ఎస్19 అయితే సాధారణంగా డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ 21 రోజులు ఇస్తారు. ఆర్‌బీ51కి రిఫాంపిసిన్ పనిచేయదు. గర్భిణులు ఈ టీకా వేసే పనిలో ఉండకూడదు.

మా కుక్కకు ఏటా లెప్టో టీకా అవసరమా?

అవసరం. మొదట 2 నుంచి 4 వారాల తేడాతో రెండు డోసులు, తర్వాత ఏడాదికోసారి. రక్షణ ఎక్కువకాలం నిలవదు. వానాకాలానికి ముందే వేయించడం మంచిది.

మందలో ఒక గొర్రె దొమ్మతో చచ్చింది. మిగతావాటికి టీకా, మందు రెండూ ఒకేసారి వేయించొచ్చా?

వద్దు. టీకాలో ఉన్నవి బతికున్న స్పోర్లు, పెన్సిలిన్ వాటినీ చంపేస్తుంది, టీకా వృథా అవుతుంది. జ్వరం ఉన్నవాటికి మందు, ఆరోగ్యంగా ఉన్నవాటికి టీకా. మందు వాడినవాటికి ఎన్నాళ్ల తర్వాత టీకా వేయాలో పశువైద్యాధికారి చెబుతారు. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. చచ్చిన గొర్రెను కోయకండి, తోలు తీయకండి. కోస్తే గాలి తగిలి బ్యాక్టీరియా స్పోర్లుగా మారి ఆ నేలలో దశాబ్దాలు ఉంటుంది. అధికారి వచ్చేదాకా కుక్కలు, కాకులు ముట్టకుండా కప్పి ఉంచండి. ఆ తర్వాత కాల్చేయాలి, లేదా సున్నం వేసి లోతుగా పూడ్చాలి. ఆ చోట మేపడం మానేయండి, చుట్టుపక్కల మందలకు ఏటా, జబ్బు వచ్చే కాలానికి కనీసం నెల ముందు టీకా వేయించండి.